ఇంట్లో పాత కంప్యూటర్ ఉన్న రైతులకు: అప్‌డేట్లు, భద్రత విషయంలో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఈ మధ్య మమ్మల్ని అడిగే ప్రశ్నల్లో పురుగుమందులు, ఎరువులతో పాటు కంప్యూటర్ సంగతులు కూడా ఉంటున్నాయి. పిల్లలు చదువుకునే రోజుల్లో కొన్న డెస్క్‌టాప్ గానీ ల్యాప్‌టాప్ గానీ చాలా ఇళ్లలో ఉంది. పిల్లలు హైదరాబాద్‌కో, బెంగళూరుకో, అమెరికాకో వెళ్లిపోయారు. యంత్రం ఇంట్లోనే ఉండిపోయింది. పెద్దవాళ్లు దాని మీద మార్కెట్ ధరలు చూసుకుంటున్నారు, అడంగల్, 1-బి కాపీలు తీసుకుంటున్నారు, రాత్రిళ్లు మనవళ్లతో వీడియోలో మాట్లాడుతున్నారు. కొందరు బ్యాంకు ఖాతా కూడా అందులోనే చూసుకుంటున్నారు.

వాళ్లు అడిగే ప్రశ్న ఇంచుమించు ఒకటే. "సార్, విండోస్ 10కి ఇక అప్‌డేట్లు రావని తెర మీద చూపిస్తోంది. కొత్త కంప్యూటర్ కొనాలా? ఇదే వాడితే ఖాతాలో డబ్బులు పోతాయా?"

జవాబు ముందే చెబుతాను. వెంటనే కొనక్కర్లేదు. కానీ అప్‌డేట్లు ఆగిపోయిన కంప్యూటర్ మీద డబ్బు వ్యవహారం చేయకూడదు. రెండో మాట ఇంకా ముఖ్యం. అసలైన విండోస్ అప్‌డేట్ కంప్యూటర్ లోపల సెట్టింగ్స్ నుంచే వస్తుంది. మీకు తెలియని మనిషి ఫోన్ చేసి "మేం అప్‌డేట్ చేసి పెడతాం" అంటే వాడు దొంగ. వాడు మాట్లాడే ఇంగ్లీషు ఎంత బాగున్నా, మీ పేరు, ఊరు సరిగ్గా చెప్పినా దొంగే.

అప్‌డేట్ అంటే ఏమిటి, ఎందుకు కావాలి

వరి మడికి గట్టు వేస్తాం. గట్టు బాగానే కనిపిస్తుంది. కానీ ఎలుక బొక్క ఒక్కటి ఉంటే రాత్రికి రాత్రే నీరంతా పోతుంది. విండోస్ లాంటి ప్రోగ్రాములు కోట్ల వాక్యాలతో రాసినవి కాబట్టి అలాంటి బొక్కలు ఎప్పుడూ బయటపడుతూనే ఉంటాయి. వాటిని పూడ్చే మట్టే అప్‌డేట్. మైక్రోసాఫ్ట్ కంపెనీ ప్రతి నెలా రెండో మంగళవారం ఈ మరమ్మతులు విడుదల చేస్తుంది. మనకు అవి మంగళవారం రాత్రి పొద్దుపోయాక మొదలవుతాయి కాబట్టి బుధవారం నుంచి కనిపిస్తాయి.

చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. మరమ్మతు విడుదలైన రోజే దొంగలు కూడా దాన్ని విప్పి చూస్తారు. ఏ బొక్కను పూడ్చారో చూస్తే, పూడ్చని యంత్రాల్లో ఎక్కడ దూరాలో వాళ్లకు తెలిసిపోతుంది. అంటే అప్‌డేట్ వచ్చాక వేసుకోని కంప్యూటర్‌కు అంతకు ముందుకన్నా ప్రమాదం ఎక్కువ.

2017 మే 12న వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. కంప్యూటర్‌లోని ఫైళ్లన్నింటికీ తాళం వేసి, డబ్బు కడితేనే తీస్తానని తెర మీద చూపించింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ బొక్కను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చిలోనే ఇచ్చేసింది. వేసుకున్నవారు నిశ్చింతగా ఉన్నారు. దెబ్బతిన్నవాటిలో ఎక్కువ భాగం ఆ అప్‌డేట్ వేసుకోని విండోస్ 7 యంత్రాలే.

మీ కంప్యూటర్‌లో ఏ విండోస్ ఉంది?

ముందు ఇది తెలుసుకోవాలి. కీబోర్డు మీద కిటికీ బొమ్మ ఉన్న కీని నొక్కి పట్టుకుని ఆర్ అక్షరం నొక్కండి. ఎడమవైపు కింద చిన్న పెట్టె వస్తుంది. అందులో డబ్ల్యు, ఐ, ఎన్, వి, ఇ, ఆర్ అనే ఆరు ఇంగ్లీషు అక్షరాలు టైపు చేసి ఎంటర్ కొట్టండి. విండోస్ 7, 8.1, 10, 11లలో ఏది ఉందో పెద్ద అక్షరాలతో వస్తుంది. దాని కింద వెర్షన్ అని ఉన్న చోట ఏముందో కాగితం మీద రాసుకోండి. దుకాణానికి వెళ్లినా, పిల్లలకు ఫోన్ చేసినా మొదట అడిగేది అదే.

విండోస్ 10 ఉంటే

2015 జులైలో వచ్చిన విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఆగిపోయిందంటే కంప్యూటర్ పనిచేయదని కాదు. అన్నీ ఎప్పటిలాగే తెరుచుకుంటాయి. ఇబ్బంది అంతా అందులోనే ఉంది, ఎందుకంటే పైకి ఏ తేడా కనిపించదు. గండి పడేదాకా గట్టు గట్టిగానే ఉందనుకుంటాం.

అయితే ఇళ్లలో వాడుకునేవారికి మరో ఏడాది గడువు ఇచ్చారు. దీని పేరు ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్. ఇందులో చేరితే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతకు సంబంధించిన మరమ్మతులు వస్తూనే ఉంటాయి. చేరాలంటే మీ విండోస్ 10లో 22హెచ్2 అనే వెర్షన్ ఉండాలి. మీరు కాగితం మీద రాసుకున్నది అదే. అది లేకపోతే ముందు అప్‌డేట్లు వేసుకుని ఆ వెర్షన్‌కు రావాలి.

చేరడం ఇలా. స్టార్ట్ నొక్కి సెట్టింగ్స్, అందులో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, అందులో విండోస్ అప్‌డేట్ తెరవండి. అక్కడే "ఎన్‌రోల్ నౌ" అనే లింకు ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి, కంప్యూటర్ సెట్టింగులను ఆ ఖాతాకు బ్యాకప్ చేసుకుంటే డబ్బు కట్టక్కర్లేదు. బ్యాకప్ వద్దనుకుంటే 30 డాలర్లు లేదా దానికి సమానమైన మన డబ్బు కట్టి చేరవచ్చు. ఉచితంగా చేరే దారి ఉండగా డబ్బు కట్టడం ఎందుకు? "విండోస్ 10 గడువు పొడిగిస్తాం, 3,000 పంపండి" అని ఎవరైనా అడిగితే, ఆ దారి కంప్యూటర్ లోపలే ఉందని మీకు ఇప్పుడు తెలుసు.

ఈ ఏడాదిని కొత్త ఏర్పాటు చూసుకోవడానికి వాడుకోవాలి. ఖరీఫ్ పెట్టుబడులయ్యాక, పంట అమ్ముకున్నాక ఆలోచిద్దామనుకునే వాళ్లకు ఇది సరిగ్గా సరిపోయే గడువు.

విండోస్ 11కి మారవచ్చా?

అసలైన విండోస్ 10 ఉండి, యంత్రం సరిపోతే విండోస్ 11 ఉచితంగానే వస్తుంది. సరిపోతుందా లేదా అన్నది కూడా ఆ విండోస్ అప్‌డేట్ పేజీలోనే చూపిస్తుంది. ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతది కావాలి. స్థూలంగా చెప్పాలంటే 2018కి ముందు కొన్నవాటిలో చాలావరకు సరిపోవు. ప్రాసెసర్ పేరు ఐ5-7200 అని ఉంటే ఏడో తరం, ఐ5-8250 అని ఉంటే ఎనిమిదో తరం. ఈ రకం పేర్లలో గీత తర్వాతి అంకె తరాన్ని చెబుతుంది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా ఉండాలి.

ఇక్కడ దుకాణాల సంగతి చెప్పాలి. సరిపోని యంత్రంలో కూడా అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించి ఇచ్చేవాళ్లు ఉన్నారు. అలా ఎక్కించిన వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ ఏమీ లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. ఏ అప్‌డేట్ల కోసం డబ్బు పెట్టామో ఆ అప్‌డేట్లకే భరోసా లేకపోతే ఏం లాభం? అలాగే "ర్యామ్ పెంచి, ఎస్‌ఎస్‌డీ వేస్తే కొత్తదానిలా పరుగెడుతుంది" అంటారు. అది నిజమే, వేగం పెరుగుతుంది. కానీ భద్రతకు, దానికి సంబంధం లేదు. ముసలి ఎద్దుకు కొత్త గంట కట్టినట్టని అనను గానీ, ఏ జబ్బుకు ఏ మందో తెలుసుకుని డబ్బు పెట్టండి.

ఇంకొకటి, దొంగ విండోస్. లైసెన్స్ లేకుండా విండోస్ వేసి, అది యాక్టివేట్ అయినట్టు చూపించే చిన్న ప్రోగ్రామ్ ఒకటి ఎక్కిస్తారు. చాలాసార్లు ఆ ప్రోగ్రామ్‌లోనే వైరస్ ఉంటుంది. అది పనిచేయడానికి యాంటీవైరస్‌ను ఆపేస్తారు కూడా. మళ్లీ ఆన్ చేసే నాథుడుండడు. విండోస్ వేయించుకునేటప్పుడు "లైసెన్స్ ఉన్నదేనా, బిల్లులో రాసిస్తారా" అని అడగండి. విత్తనం కొన్నప్పుడు లాట్ నంబరుతో బిల్లు అడిగే రైతుకు ఇది కొత్త కాదు.

ఏ విండోస్ వద్దనుకుంటే లినక్స్ మింట్ అనేది ఉంది. ఉచితం, పాత యంత్రాల మీద బాగా నడుస్తుంది, అప్‌డేట్లు క్రమంగా వస్తాయి, తెలుగు చదవడానికి, రాయడానికి ఇబ్బంది లేదు. ఇంటర్నెట్ చూడటం, వీడియో కాల్, ఉత్తరం టైపు చేయడం వరకే మీ పని అయితే నిక్షేపంగా సరిపోతుంది. కాకపోతే ఎక్కించడానికి తెలిసిన కుర్రాడు కావాలి, కొన్ని పాత ప్రింటర్లు దానితో మొరాయిస్తాయి. సెలవులకు వచ్చిన పిల్లల చేత ముందు పెన్‌డ్రైవ్ నుంచి నడిపించి చూసుకోండి. నచ్చితేనే ఎక్కించుకోవచ్చు.

విండోస్ 7, 8.1 ఇంకా ఉంటే

విండోస్ 7కి 2020 జనవరిలో, 8.1కి 2023 జనవరిలో మద్దతు ఆగిపోయింది. గూగుల్ క్రోమ్ కూడా 2023 ఫిబ్రవరి నుంచి ఈ రెండింటికీ కొత్త వెర్షన్లు ఇవ్వడం లేదు. కాబట్టి విండోస్, బ్రౌజర్ రెండూ పాతవే. వాటిలో పాటలు వినండి, ఫొటోలు చూసుకోండి, లెక్కలు రాసుకోండి. బ్యాంకు, జీమెయిల్, ఆధార్‌తో ముడిపడిన పనులు మాత్రం అసలు వద్దు. ఇంటర్నెట్ తీసేసి వాడుకుంటే ఇంకా మంచిది.

కరెంటు, డేటా ఇబ్బందులు

పట్నంలో రాసిన సలహాల్లో ఈ మాట ఉండదు. మన ఊళ్లలో చాలామంది కంప్యూటర్‌ను ఫోన్ హాట్‌స్పాట్‌తో నడుపుతారు. రోజుకు 1.5 జీబీ వచ్చే ప్యాక్‌లో ఒక పెద్ద అప్‌డేట్ దిగితే ఆ రోజు డేటా అయిపోయినట్టే. అందుకే కొందరు అప్‌డేట్లనే ఆపేసుకుంటున్నారు. డేటా మిగుల్తుంది గానీ గట్టు మీద బొక్కలు అలాగే ఉంటాయి.

దీనికి మార్గం ఉంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ దగ్గర ఆ హాట్‌స్పాట్‌కు "మీటర్డ్ కనెక్షన్" ఆన్ చేసి పెట్టుకుంటే మామూలు రోజుల్లో చాలావరకు అప్‌డేట్లు వాటంతట అవి దిగవు. నెలకొకసారి, రెండో మంగళవారం దాటిన వారంలో ఒక రోజు దాన్ని ఆఫ్ చేసి, ఆ రోజు డేటా మొత్తం దీనికే వదిలేయండి. ల్యాప్‌టాప్ అయితే బ్రాడ్‌బ్యాండ్ ఉన్న బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు వెంట తీసుకెళ్లండి. క్యాలెండర్‌లో ఆ బుధవారం దగ్గర గుర్తు పెట్టుకుంటే మర్చిపోరు.

అప్‌డేట్ ఎక్కుతుండగా కరెంటు పోతే విండోస్ పాడయ్యే అవకాశం ఉంది. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేకపోతే, మీ ఊళ్లో కోత లేని సమయం చూసుకుని మొదలుపెట్టండి. గాలివాన ఉన్న రోజు అసలు ముట్టుకోవద్దు. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండాక, చార్జర్ తగిలించి ఉంచే చేయాలి. తెర మీద "కంప్యూటర్ ఆపవద్దు" అని ఉన్నంతసేపు స్విచ్ జోలికి పోకూడదు. పాత యంత్రాల్లో ఇది గంట కూడా పట్టవచ్చు, కంగారు పడొద్దు.

తెర మీద ఎర్ర హెచ్చరిక, కింద ఫోన్ నంబరు

అసలు డబ్బు పోతున్నది చాలావరకు ఇక్కడే. వైరస్ తనంతట తాను దూరి ఖాతా ఖాళీ చేయడం కన్నా, మన చేతే తలుపు తీయించుకుని లోపలికి రావడమే ఎక్కువ.

ఒక రైతు అనుభవం చెబుతాను. అరవై దాటిన మనిషి, మూడెకరాల వరి. మినుము ధర చూద్దామని ఏదో పేజీ తెరిచారు. తెర మొత్తం ఎర్రగా మారింది, పెద్దగా అలారం మోగింది. మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, ఆపితే ఫైళ్లన్నీ పోతాయి, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని ఉంది. ఆయన చేశారు. అవతలివాడు మర్యాదగానే మాట్లాడాడు. మైక్రోసాఫ్ట్ నుంచి అన్నాడు. ఎనీడెస్క్ అనే ప్రోగ్రామ్ దించుకోమన్నాడు. అది దిగుతుండగా కరెంటు పోయింది. యూపీఎస్ లేదు. అరగంట తర్వాత కరెంటు వచ్చి కంప్యూటర్ ఆన్ చేస్తే ఎర్ర తెరా లేదు, అలారమూ లేదు, ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆయనకు అనుమానం వచ్చింది. అవతలివాడు ఆ సాయంత్రం పదకొండుసార్లు ఫోన్ చేశాడట. కరెంటు కోతను మెచ్చుకున్న రైతును నేను అప్పుడే చూశాను.

ఆ ఎర్ర తెర నిజానికి ఏమిటంటే, అది ఒక వెబ్ పేజీ మాత్రమే. తెర నిండా పరుచుకుని, శబ్దం చేసేలా తయారు చేసింది. కంప్యూటర్ లోపల ఏమీ జరగలేదు. మైక్రోసాఫ్ట్ అసలైన హెచ్చరికల్లో ఎప్పుడూ ఫోన్ నంబరు ఉండదు. నంబరు కనిపించిందంటే అది మోసమే, వేరే రుజువు అక్కర్లేదు.

అలాంటిది వస్తే కీబోర్డు మీద ఎడమ మూలన ఉండే ఎస్కేప్ కీని కాసేపు నొక్కి పట్టుకోండి. పోకపోతే ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కండి. అదీ కాకపోతే పవర్ బటన్ పది సెకన్లు పట్టుకుని ఆపేయండి. అప్‌డేట్ ఎక్కేటప్పుడు ఆపకూడదన్నాను, ఇక్కడ ఆపవచ్చు. మళ్లీ ఆన్ చేశాక బ్రౌజర్ "పాత పేజీలు తెరవమంటారా" అని అడిగితే వద్దనండి.

ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్, క్విక్ అసిస్ట్ వంటివి చెడ్డ ప్రోగ్రాములు కావు. అమెరికాలో ఉన్న మీ అమ్మాయి అక్కడి నుంచే మీ కంప్యూటర్ సరిచేయడానికి అవే వాడుతుంది. కానీ అవతలి మనిషికి మీ మౌస్, కీబోర్డు చేతికిచ్చినట్టే. కాబట్టి నియమం ఇలా పెట్టుకోండి. ఫోన్ మీరు చేసి, గొంతు గుర్తుపట్టి, కుటుంబసభ్యులని తెలిస్తేనే ఆ నంబరు చెప్పాలి. పని అయిపోగానే ఆ ప్రోగ్రామ్ తీసేయాలి.

లోపలికి వచ్చిన దొంగ ఏం చేస్తాడో కూడా తెలిసి ఉండాలి. ముందు కంప్యూటర్‌లో ఎప్పుడూ ఉండే మామూలు చిన్న హెచ్చరికల జాబితా తెరిచి "ఇవన్నీ వైరస్‌లే" అని భయపెడతాడు. బాగు చేసినట్టు నటించి కొంత రుసుము అడుగుతాడు. మరోరకం ఇంకా గడుసు. "మీకు 500 తిరిగి ఇవ్వాలి, బ్యాంకు పేజీ తెరవండి" అంటాడు. తెరవగానే ఆ పేజీ మీద కనిపించే అంకెలను మార్చి, 50,000 జమ అయినట్టు చూపిస్తాడు. "పొరపాటున ఎక్కువ వేశాం, నా ఉద్యోగం పోతుంది, మిగతాది పంపండి" అని బతిమాలతాడు. జమ ఏమీ కాలేదు. తెర మీది అంకె మాత్రమే మారింది. పంపేది మాత్రం మీ అసలు డబ్బు. ఖాతాలో నిజంగా ఎంతుందో తెలియాలంటే ఆ కంప్యూటర్‌ను నమ్మకుండా ఏటీఎంలోనో, బ్యాంకు శాఖలోనో చూసుకోవాలి. డబ్బు రావడానికి ఓటీపీ గానీ యూపీఐ పిన్ గానీ ఎప్పుడూ అక్కర్లేదు.

పొరపాటున తలుపు తీసేస్తే

సిగ్గుపడి ఎవరికీ చెప్పకుండా కూర్చోవడం వల్ల పోయే డబ్బే ఎక్కువ. మొదట ఇంటర్నెట్ ఆపేయండి, హాట్‌స్పాట్ అయినా, రౌటర్ అయినా సరే. అవతలివాడి చేయి అక్కడికి తెగిపోతుంది. తర్వాత ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా, కార్డు నిలుపుదల చేయించండి. నంబరు ఏటీఎం కార్డు వెనక లేదా పాస్‌బుక్ మీద ఉన్నదే తీసుకోవాలి. గూగుల్‌లో వెతికితే కస్టమర్ కేర్ పేరుతో దొంగలు పెట్టిన నంబర్లు కూడా వస్తాయి.

వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఇది సైబర్ మోసాలపై ఫిర్యాదుకు దేశమంతటా ఉన్న నంబరు. మీ డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు పోతుండగానే దాన్ని స్తంభింపజేయడానికి వీలుంటుంది. గంటలు గడిచేకొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది. ఉదయం పొలం పని చూసుకుని చేద్దామనుకోకండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు రాయవచ్చు.

బ్యాంకుకు చెప్పిన సమయం ఎందుకు ముఖ్యమంటే, 2017 జులైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, మీ పొరపాటు వల్ల పోయినా సరే, మీరు బ్యాంకుకు తెలియజేసిన తర్వాత జరిగే నష్టం బ్యాంకే భరించాలి. మీ పొరపాటు గానీ బ్యాంకు పొరపాటు గానీ లేకుండా పోయి, మీరు మూడు పనిదినాల్లోపు చెబితే మీ మీద భారం ఉండదు. కాబట్టి ఫిర్యాదు నంబరు, సమయం రాసి పెట్టుకోండి.

ఆ తర్వాత వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చాలి. ముందు జీమెయిల్‌ది, తర్వాత బ్యాంకుది. జీమెయిల్ చేతికి వస్తే మిగతావాటి పాస్‌వర్డ్‌లన్నీ దొంగ మార్చుకోగలడు. ఆ కంప్యూటర్‌లో విండోస్ మళ్లీ కొత్తగా ఎక్కించేదాకా దానితో ఏ లాగిన్ చేయవద్దు.

చిరునామా చదవడం నేర్చుకోండి

పీఎం కిసాన్ విడత పడే రోజులు, పంట రుణాలు ఇచ్చే రోజులు, పత్తి, ధాన్యం డబ్బు ఖాతాల్లో పడే రోజులు దొంగలకు కూడా సీజనే. ఏడాదికి మూడు విడతల్లో వచ్చే 6,000 రూపాయల పేరు చెప్పి పంపే లింకులు, వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు మీ దగ్గరకు వచ్చే ఉంటాయి. ఫోన్‌లో ఏపీకే, కంప్యూటర్‌లో ఈఎక్స్‌ఈ అనే మూడు అక్షరాలతో ముగిసే ఫైలు ప్రోగ్రామ్ అని అర్థం. ప్రభుత్వ పథకం ఏదీ వాట్సాప్‌లో ప్రోగ్రామ్ పంపదు.

బ్రౌజర్ పైన ఉండే చిరునామాలో మొదటి ఒంటి గీత వచ్చేలోపు చివర ఏముందో చూడండి. ప్రభుత్వానివి అయితే డాట్ గవ్ డాట్ ఇన్ లేదా డాట్ ఎన్‌ఐసీ డాట్ ఇన్ ఉంటుంది. పీఎం కిసాన్, మీభూమి, తెలంగాణలో భూభారతి అన్నీ గవ్ డాట్ ఇన్‌తోనే ముగుస్తాయి. బ్యాంకులు 2025 అక్టోబర్ 31లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చిరునామాకు మారాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. మీ బ్యాంకు పేజీ చివర అది లేకపోతే లాగిన్ కావద్దు, శాఖకు వెళ్లి అడగండి. "మీ క్రోమ్ పాతబడింది, ఇక్కడ నొక్కి అప్‌డేట్ చేసుకోండి" అని ఏదైనా వెబ్ పేజీ చెబితే నమ్మవద్దు. క్రోమ్ అప్‌డేట్ కూడా కుడివైపు పైన మూడు చుక్కల్లో, హెల్ప్ కింద, అబౌట్ నొక్కితే దానంతట అదే వస్తుంది.

మిగతా జాగ్రత్తలు

యాంటీవైరస్ కొనాలా అని అడుగుతారు. విండోస్ 10, 11లలో డిఫెండర్ అనేది ముందే ఉంది, ఉచితం. ఇంటి అవసరాలకు అది చాలని నా అభిప్రాయం. కంప్యూటర్‌తో వచ్చిన గడువు తీరిన యాంటీవైరస్ ఉంటే తీసేయండి, అది పనిచేయదు సరికదా, రోజూ డబ్బు కట్టమని భయపెడుతుంది.

సెలవులకు వచ్చిన పిల్లలు ఆటలు దించుకునే కంప్యూటరే మీ బ్యాంకు కంప్యూటర్ కాకూడదు. కనీసం వాళ్లకు వేరే యూజర్ ఖాతా పెట్టించి, దాన్ని స్టాండర్డ్ రకంగా ఉంచితే మీ పాస్‌వర్డ్ లేకుండా చాలా ప్రోగ్రాములు ఎక్కవు.

పాస్‌వర్డ్ పుస్తకంలో రాసుకోకూడదంటారు. పెద్దవాళ్ల విషయంలో నేను ఒప్పుకోను. అన్నింటికీ పుట్టిన తేదీ పెట్టుకోవడం కన్నా, వేర్వేరుగా పెద్దవి పెట్టుకుని ఒక నోటుపుస్తకంలో రాసి, పట్టాదారు పాస్‌బుక్ దాచే బీరువాలోనే దాచండి. అమెరికా దొంగ మీ బీరువా తెరవలేడు. తెరకు అంటించడం, దుకాణంలో కంప్యూటర్‌తో పాటు ఆ పుస్తకం ఇచ్చి రావడం మాత్రం చేయకూడదు. యూపీఐ పిన్, ఏటీఎం పిన్ అందులో రాయవద్దు.

1-బి, రుణ పత్రాలు, బీమా రసీదులు, పాత ఫొటోలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. కాపీ అయ్యాక పెన్‌డ్రైవ్ తీసి విడిగా పెట్టాలి. తగిలించే ఉంచితే వానాక్రై లాంటిది వచ్చినప్పుడు దానికీ తాళం పడుతుంది. ఏడాదికి రెండుసార్లు, ఖరీఫ్ మొదట్లో, రబీ మొదట్లో చేస్తే సరిపోతుంది.

పాత కంప్యూటర్ అమ్మేటప్పుడు, ఎవరికైనా ఇచ్చేటప్పుడు ఫైళ్లు చెరిపేస్తే చాలదు, వాటిని తిరిగి తీయవచ్చు. విండోస్ 10లో సెట్టింగ్స్, అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, రికవరీలోకి వెళ్లి "రీసెట్ దిస్ పీసీ" ఎంచుకుని, "రిమూవ్ ఎవ్రీథింగ్" నొక్కి, డ్రైవ్ శుభ్రం చేసే అవకాశం కూడా ఆన్ చేయండి. దీనికి కొన్ని గంటలు పడుతుంది, కరెంటు చూసుకుని రాత్రి పెట్టి పడుకోండి. ఆన్ కాని కంప్యూటర్ అయితే లోపలి హార్డ్ డిస్క్ విప్పించి మీ దగ్గరే ఉంచుకుని, మిగతాది పాత సామాన్లవాడికి వేయండి.